చల్లని పలక

నాకు నిద్ర వస్తదా రాదా అన్నది నన్నడగాలె గానీ, గౌస్ భాయ్, ఫోన్‌ను అడుగుడేంది?

పొద్దుగాల సర్ది గోలి ఏసుకున్న. మా ఇంటామె త్రివేణి ఊకుంటదా? గోలి పేరు ఫోన్ల కొట్టింది. 'ఈ చల్లని పలకను నీళ్లతో మింగండి' అని వచ్చింది. ఇంగ్లీషుల కోల్డ్ టాబ్లెట్ అని ఉంటే తెలుగులకు గట్ల దించిండ్రన్నట్టు. నవ్వుకుంట కిందికి సదివితే, 'మగత కలుగును, భారీ యంత్రములు నడుపరాదు' అని ఉన్నది.

నవ్వు ఆగిపోయింది. మన షెడ్డుల ఈ క్రేన్‌ను మించిన భారీ యంత్రం ఇంకేమున్నది?

అందుకే మన సూపర్‌వైజర్ నర్సరాజు సారు తానకు పోయిన. సార్, ఇయ్యాల నన్ను కిందనే ఉంచుండ్రి, ప్రవీణ్‌ను ఎక్కియ్యుండ్రి అన్న. ప్రవీణ్ లీవుల ఉన్నడట. సారు తన ఫోన్ తీసిండు. జెర సేపు వెతికి, "ఇగో, నిద్ర రాదని రాసిండ్రు, ఎక్కు" అన్నడు. ఆ ముక్క కిందనే ఏమున్నదో ఎరుకనా? 'ఇప్పుడే కొనండి' అని. అమ్మేటోడు తన గోలికి నిద్దరొస్తదని రాస్తడా?

అదే మాట సారుతోని అన్న. "అయితే రేపటి సంది కిందనే ఉండు, పైకి ఇంకొకర్ని చూసుకుంట" అన్నడు.

గప్పటి సంది ఒకటే ఆలోచిస్తున్న. ఇద్దరు కొట్టింది ఒకటే పేరు. ఆమెకు భయమున్నది, భయం దొరికింది. ఆయనకు లోడు లేవాలె, ధైర్యం దొరికింది. గోలి సంగతి మాత్రం ఎవలికీ దొరకలే.

నన్నట్ల చూడకు. నేను గూడ కొట్టిన, క్యాంటీన్ల కూసోని. నిద్ర వస్తదా అని అడగలే. 'ఈ గోలికి నిద్ర రాదు గద' అని అడిగిన. రాదనే చెప్పింది. ఈ వయసుల కిందికి దిగితే నన్ను మల్ల పైకి ఎవలు ఎక్కిస్తరు, చెప్పు?

డాక్టర్‌ను అడగాల్సింది అంటవు. నిజమే. ఆయన గట్టిగ వద్దంటే ఏం జెయ్యాల్నని అడగలే.

ఇగ హుక్కు తగిలియ్యి, నేను నిచ్చెన ఎక్కుత. కండ్లు జెర బరువుగనే ఉన్నయి, సర్దికో, గోలికో. లోడు లేచినంక దాని కింద మాత్రం నిలబడకు భాయ్. ఇది యాడనో సదివింది కాదు. నేను చెప్తున్న.