కుళాయి వాషర్

1999 అక్టోబర్, ఓ శనివారం మధ్యాహ్నం. ఆఫ్రికాలోని మలావీ పల్లెలో పదకొండేళ్లు క్రైస్తవ మిషన్ పని చేసి, ఏడాది సెలవు మీద సిడ్నీ వచ్చిన లీల, యోగానంద్ దంపతుల అద్దె ఇల్లు, టూంగాబీ అనే శివారులో. వంటింట్లో కుళాయి కారుతోంది. పొద్దుటి నుంచీ లీలకి ఒళ్లు మండిపోతోంది. కుళాయి దానికి తోడయింది.

"వాషర్ మార్చడానికి ప్లంబరా? మీరు? ప్లంబర్‌ని పిలిచారా?"

"సోమవారం వస్తాడు. దీనికి కూడా కోపమేనా లీలా?"

"ఆ ఊళ్లో తాపీమేస్త్రీ మీరే, వడ్రంగీ మీరే. కిరసనాయిలుతో నడిచే టీకా మందుల ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే, నూనె తీసేసి, రోజంతా తలకిందులుగా నిలబెట్టి, మళ్లీ వెలిగించి దారికి తెచ్చారు. ఆ మనిషి ఇవాళ వాషర్‌కి మనిషిని పిలుస్తాడా?"

"ఇది మలావీ కాదు కదా. ఇంటి ఏజెంట్‌కి చెప్పాలి, లైసెన్స్ ఉన్నవాడు రావాలి. ఇక్కడ పద్ధతి అది."

"పద్ధతి. సరే. ఆ స్పానర్ ఇలా ఇవ్వండి."

"నువ్వా? ఆగు, ముందు కింద వాల్వ్..."

"కట్టేశాను. స్పానర్ ఇవ్వండి. పొద్దున మార్గరెట్ ఫోన్ చేసింది."

"ఏ మార్గరెట్?"

"మనకి ఎంతమంది మార్గరెట్‌లున్నారు? మిషన్ ఆఫీసు మార్గరెట్."

"ఓ. నేను ఆఫీసులో ఉన్నప్పుడా?"

"అవును. శనివారం కూడా పోయి ఆ బ్యాంకు వాళ్ల కంప్యూటర్లలో తేదీలు దిద్దుతున్నప్పుడు."

"వైటూకే అంటే ఆషామాషీ కాదు లీలా. డిసెంబర్ ముప్పై ఒకటి దాటిందంటే కంప్యూటర్లన్నీ..."

"నీళ్లు నమలకండి. ఏం అడిగిందో అడగండి."

"ఏం అడిగింది?"

"'హౌ ఆర్ యూ ఫీలింగ్, లీలా? మేమంతా నీకోసం ప్రార్థన చేస్తున్నాం' అంది. నాకేమైందండీ?"

"అదీ... నీకు మలేరియా నాలుగుసార్లు వచ్చింది కదా."

"ఆఖరిది వచ్చి మూడేళ్లయింది."

"మళ్లీ రాదని ఏముంది?"

"అందుకని నా జబ్బుని అడ్డం పెట్టుకుని, జనవరిలో మలావీకి తిరిగి వెళ్లలేమని మిషన్‌కి రాసేశారు. సెప్టెంబర్‌లో. నెల రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం ముందు ప్రార్థన చేశారే, ఒక్కపూటైనా నోరు రాలేదా?"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? విమానం వెళ్లిపోయాకా? 'నాకు ఇష్టం లేదు' అని మీ పేరు మీదే రాయొచ్చుగా?"

"ఎలా రాస్తాను? కంప్యూటర్ ఉద్యోగం రాగానే దేవుని పని వదిలేశాడంటారు. చర్చిలో తలెత్తుకోగలనా?"

"పెళ్లాం రోగిష్టిదంటే తల నిలబడుతుంది. బాగుంది."

"అలిసిపోయాను లీలా. అక్కడ వాన పడ్డప్పుడల్లా ఇంటికప్పు రేకుల మీదే ఉన్నాను. చెదలు ఏ వాసాన్ని తింటున్నాయో చెవి ఆనించి వినేవాణ్ని. ఇక్కడ స్విచ్ వేస్తే లైటు వెలుగుతోంది. నాకంతే కావాలి."

"ఈ మాట సెప్టెంబర్‌లో నాతో అని ఉంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం. ఇప్పుడు నాకు ఏడుపు రావడం లేదు. ఆ రేకు డబ్బా అందుకోండి."

"ఏ డబ్బా? అక్కడి సామాను డబ్బా? దాన్ని చెత్తలో వేశాను కదా."

"నేను ఏరి తెచ్చుకున్నాను. అందులో సైకిల్ ట్యూబ్ ముక్క ఉంటుంది."

"ట్యూబ్ ముక్కతో ఎన్నాళ్లు ఆగుతుంది?"

"అక్కడ ఆరేళ్లు ఆగింది. కత్తెర ఇవ్వండి."

"సరే, నువ్వే చెప్పు. వెళితే మాత్రం? నా ఒంట్లో ఓపిక లేదు. నేను చెయ్యి వెయ్యకపోతే ఆ ఇల్లు ఒక్క వానకి ఆగదు. ఫ్రిజ్ మళ్లీ మొరాయిస్తే ఆ పిల్లల మందులేం కావాలి?"

"ఫ్రిజ్‌కి రెండో పక్క పట్టింది ఎవరు? నిచ్చెన కింద తారు డబ్బాతో తడిసింది ఎవరు?"

"అందించడం వేరు, చెయ్యడం వేరు."

"ఇదిగో, వాషర్ వేసి బిగించాను. వాల్వ్ తిప్పండి."

"తిప్పాను."

"కారుతోందా?"

"లేదు."

"సరిగ్గా చూడండి."

"లేదు లీలా. చుక్క కూడా లేదు."

"అయితే ప్లంబర్‌ని రావద్దనండి."

"అంటాలే. మార్గరెట్‌కి ఏం చెప్పావు?"

"నా ఒంట్లో బాగానే ఉందన్నాను. జనవరికి ఒక్క టికెట్ చాలన్నాను."