రాజుగారి జింకలు, మా టిబ్ గోళ్ళు

నా పేరు ఆస్బర్ట్, తండ్రి పేరు వుల్ఫ్‌రిక్. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగిన మా అమ్మ ఇప్పుడు లేదు. వృత్తి గొర్రెల కాపలా. ఊరు రావెన్‌బీ, రాజుగారి అడవి అంచున. అడవి తగవులు విచారించే దొరగారి ముందు ఈ వాంగ్మూలం ఇవ్వకుండా ఊరుకుందామనే అనుకున్నాను. అడవి కాపరి సెర్లో ముందే తనది ఇచ్చిపోయాడని తెలిసి వచ్చాను.

మొన్న మంగళవారం, పొద్దుటి ప్రార్థన గంట కొట్టాక, సెర్లో సుత్తి, ఉలి, ఓక్ మొద్దు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు. అడవి పక్క ఊళ్ళ కుక్కలు జింకల్ని తరమకుండా వాటి ముందుకాలి గోళ్ళు మూడు నరికేయడం చట్టం. నా కుక్క పేరు టిబ్. గోళ్ళు లేని కుక్క నక్క వెంట పరుగెత్తలేదు. నక్కకు ఆ సంగతి తెలుసు.

"ఆ జింకలెవరివిరా?" అని అడిగాను.

"రాజుగారివి. వేటకొస్తారు."

"ఎప్పుడు?"

"వచ్చినప్పుడు."

రాజుగారు కిరీటం పెట్టుకుని తొమ్మిదేళ్ళయింది. ఈ గడ్డ మీద ఉన్నది అంతా కలిపి ఆరు నెలలు లేదు. మిగతా కాలమంతా సముద్రం అవతల యుద్ధాలు, మధ్యలో పరాయివాళ్ళ చెర. ఆయన వెంట జెరూసలేం దారిలో నడిచినవాణ్ణి నేను. అక్కడి ఎండ సంగతి చెప్పాలంటే... ఇది రాసుకుంటున్న గుమాస్తాగారు కలం ఆపారు కనుక చెప్పను. ఆ దారిలోనే నా ఎడమకాలు కుళ్ళితే సైన్యంలో కోతవైద్యం చేసే మంగలి మూడు వేళ్ళు తీసేశాడు. ఆ కాలే ఎత్తి సెర్లో తెచ్చిన మొద్దు మీద పెట్టాను.

"ఈ ఇంటి మూడూ రాజుగారికి ఎప్పుడో ముట్టాయి. పో," అన్నాను.

"కాలు తియ్యి ముసలాడా. నేనడిగింది కుక్కని, నిన్ను కాదు."

గుమ్మంలోంచి నా భార్య గున్నిల్డ్, "ఆయన్ని ఎవరూ అడగరు నాయనా. ఆయనే చెప్తాడు," అంది.

అప్పుడు ఉలి లాక్కున్న మాట నిజం. మిల్లు మడుగులోకి విసిరిన మాట నిజం. కొట్టానన్నది అబద్ధం. కొట్టి ఉంటే సెర్లో మీ ముందు అంత స్పష్టంగా మాట్లాడగలిగేవాడు కాదు.

అక్కణ్ణించి నేరుగా చర్చికి వెళ్ళి, పాదిరిగారి ముందు ప్రమాణం చేసి, భుజానికి సిలువ కుట్టించుకున్నాను. పవిత్రయుద్ధానికి సిలువ కట్టినవాడు తిరిగొచ్చేదాకా వాడి ఇంటిమీద, గొడ్డూగోదమీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. ఊళ్ళో లేనివాణ్ణి ఎవరూ ఏమీ అడగలేరన్న సంగతి రాజుగారి దగ్గరే నేర్చుకున్నాను.

"ఈ వయసులో, ఈ కాలితో నిజంగా పోతావా?" అని ఇది విన్న దొరగారు ఇప్పుడే అడిగారు.

"పోతానండి."

"పోకపోతే ఆ రక్షణ ఉండదు."

"తెలుసండి. నేను తిరిగొచ్చేదాకా టిబ్ కాలు ఎవరూ ముట్టకూడదు. తిరిగి రాకపోతే అసలే ముట్టకూడదు. అది కూడా రాయించండి."

రాశారు. అంతా చదివి వినిపించారు. ఇందులో ఒక్క ముక్క మార్చమని అడగను. నిజమే చెప్పాను, ఎవరి బలవంతమూ లేదు. ఓడలో నేర్చుకున్న అక్షరాలతో నా పేరు నేనే పెడుతున్నాను.

సంతకానికి లేచినప్పుడు, వట్టికాళ్ళతో వచ్చావేమని దొరగారు అడిగారు. జెరూసలేం దాకా నడవాలి కదా అని, పొద్దున్నే గున్నిల్డ్ నా బూట్లు అడుగుతోలు మార్చడానికి ఇచ్చిందని చెప్పాను.

ఆస్బర్ట్