సూరిగారికి చప్పట్లు

మాటాడతానే ఉండమంటన్నాడు మావా, ఆ తెల్ల డాక్టరు. నీకు తెలివొచ్చేదాకా ఆపకుండా మాటాడాలంట. నీ బాసలో, నీకు తెలిసిన గొంతుతో. ఏటి మాటాడను? ఇంటికాడ నాను నోరిప్పితే టీవీ సౌండు పెంచీసేవోడివి. ఇప్పుడేమో ఇనమని నానే బతిమాలుకుంటన్నాను.

ఇనిపిత్తందా? సెయ్యి కదపలేవేటి? పోన్లే, కదపొద్దు.

ముక్కులో గొట్టం ఉంది, పీక్కోకు. అది గాలి. గొంతులో ఇరుక్కున్న ముక్క తీసీసారు. తెల్లగుడ్డలో పెట్టి నాకు సూపించారు, బొటనవేలంత ఉంది. ముక్కయితే వొచ్చీసింది గానీ, కాసేపు తలకి గాలి ఆడనేదంట. నువ్వు కళ్ళు తెరిచి మనిషిని గుర్తుపట్టేదాకా ఏటీ సెప్పలేనంటన్నాడు. గుర్తుపట్టకపోతే ఏటని అడిగాను. మన సువ్వల కంపెనీ మేనేజరు బాబు అనిరుధ్ పెళ్ళాం, శ్రీసత్య మేడం, ఆవిడే నాకూ డాక్టరుకీ మద్దెన మాటలు సెప్తంది కదా, ఆ ఒక్క మాటా ఆడికి ఇంగ్లీషులో సెప్పనేదు. తల దించీసుకుంది.

అందుకని అడగడం మానీసాను. నాకు భయంగా ఉంది మావా. కాళ్ళ కింద నేల ఊగుతంది. ఓడ కదలడం వొల్లో, నా వొల్లో తెలీట్లేదు.

ఈ గుండ్రం కిటికీలోంచి సూత్తే నీళ్ళ మీద మంచుగడ్డలు తేలుతన్నాయి. అన్నాలు తినేసి ఎంతసేపైనా ఎండ అలాగే ఉంది. ఈ నెలలో ఇక్కడ సీకటే పడదంట. సీకటి పడితే మూల కూకుని కాస్త ఏడుద్దును. ఇంత ఎలుగులో నర్సు సూత్తంటే ఏడుపు కూడా రాదు.

నానొద్దన్నాను కదా ఈ ఓడ. మనకెందుకన్నాను. ఇనప సువ్వలు ఎక్కువ అమ్మిన డీలర్లకి నార్వే టూరంట, మొగుడూ పెళ్ళాం ఇద్దరికీనంట. పోయినేడు బ్యాంకాకు అన్నారు, నువ్వొక్కడివే ఎల్లొచ్చావు, నానేవైనా అన్నానా? ఈపాలి గౌరిని తీసికెల్తన్నానని ఆనందపురం జంక్షన్ అంతా సాటింపేసీసినావు. టీకొట్టు దగ్గిర లారీ డ్రైవర్లకి కూడా సెప్పినావంట, మా ఆవిడ మంచుకొండలు సూత్తాదని. ఇంక నానెలా ఒద్దంటాను?

ఎండలు మండిపోతంటే సలికోటు కొనడానికి ఊరంతా తిరిగినావు. షాపులో ఆ కోటేసుకుని అద్దం ముందు నిలబడితే నీ మెడ మీంచి సెమట కాలవలు కట్టీసింది. షాపోడు నవ్వాడు, నువ్వూ నవ్వినావు. అక్కడితో ఊరుకున్నావా? కోటు పనిసేత్తదో నేదో సూడాల్సిందేనని ఫిషింగ్ హార్బరుకి తీసికెల్లినావు. నీ సిన్నప్పటి నేస్తం, రొయ్యల కోల్డు స్టోరేజీలో పన్జేత్తాడు కదా, ఆడి సేత గది తలుపు తీయించి లోపలికెల్లిపోనావు.

నాను బయట నిలబడ్డాను. తలుపు మూసీసారు. లోపల్నించి అలికిడి నేదు. తలుపు కొట్టాను, నీ నేస్తం నవ్వతన్నాడు, ఏటౌద్ది వొదినా అని. నువ్వు వొచ్చేసరికి నీ కనుబొమ్మలు తెల్లగా, మీసం తెల్లగా. మొకం రంగే మారిపోనాది. నువ్వు నవ్వతన్నావు, కోటు బెమ్మాండంగా ఉందంటన్నావు. నాకా మొకం సూత్తే పీనుగు మొకం గుర్తొచ్చింది. నోటితో అనకూడదని అన్నేదు. ఇంటికొచ్చి ఉప్పు తిప్పి దిష్టి తీసాను, నీకు సెప్పనేదు.

ఇయాల ఓడ డెక్కు మీంచి నిన్ను మోసుకొచ్చేటప్పుడు అదే మొకం మావా. కోటు నేదు. అదే మొకం.

ఉండు. నీల్లు తాగుతాను. గొంతెండిపోతంది. నువ్వూ తాగుదువు గాని, లెగిసినాక.

ఏటి సెప్తన్నాను? ఆఁ, ప్రేమలీల మేడం. మన మేడ మీద అద్దెకుండే ఆవిడ. బీచిరోడ్డు హోటల్లో పన్జేసి రిటైరయినావిడ కదా, తెల్లోల్ల తిండి మర్యాదలన్నీ తెలుసు. మాకు నేర్పమ్మా అని నానే అడిగాను. రోజూ పొద్దున్న కత్తీ, ముల్లుసెంచా పట్టుకుని పెసరట్టు కోసుకు తిన్నాం. గుర్తుందా? నువ్వు పొడిసిన ఇడ్లీ ఎగిరెల్లి పిల్లి ముందర పడింది. పిల్లి బెదిరిపోయి గోడెక్కీసింది. భోజనానికెల్తన్నామా, తగువుకెల్తన్నామా అని నువ్వన్నావు. మేడం ఎంత నవ్విందో. నాను నవ్వనేదు. కత్తి కుడిసేత్తో పట్టుకో మావా అని కసిరాను.

ఎందుకు కసిరానో నీకు తెలుసు. విశాపట్నంలో ఆ డీలర్ల మీటింగు. నువ్వు మటను ఎముక పీల్చి, సేత్తో తీసి, తెల్లటి టేబులుగుడ్డ మీద పెట్టినావు. ఒకటి కాదు, కుప్ప పెట్టినావు. పక్కన శ్రీసత్య మేడం కుర్సీ కొంచెం అవతలికి జరుపుకుంది. ఆవిడ జరిగింది బెత్తెడే. నాను మాత్రం ఆ బెత్తెడు ఇన్నాళ్ళూ మోసాను. ఓడలో అలాగ అవ్వకూడదని, నా మొగుణ్ణి సూసి ఎవరూ కుర్సీ జరుపుకోకూడదని, పట్టు పట్టాను.

ప్రేమలీల మేడం మంచికే సెప్పింది. నోట్లోది సేత్తో తియ్యకూడదంది. పొలమారితే, ఏదైనా అడ్డం పడితే, నెమ్మదిగా లెగిసి బాత్రూంకి ఎల్లాలంది. ఆవిడ ఒకపాలి సెప్పింది, అంతే. నాను నీసేత దాన్ని వల్లె ఏయించాను. నువ్వు తువ్వాలు కట్టుకుని స్నానానికెల్తంటే కూడా ఆపి అడిగేదాన్ని, గొంతులో అడ్డం పడితే ఏటి సేత్తావని. బయటికెల్తానే తల్లీ అనీవోడివి.

ఇయాల ఓడలో ఆ భోజనాల హాలు సూసినప్పుడే నాకు బెదురు పుట్టింది. దీపాలు, గాజు గోడలు, అవతల మంచుకొండ. గ్లాసులే ఒక్కొక్కరి ముందు ఒక సంతలాగున్నాయి. గొర్రెమాంసమేనా, ఇంకేదైనానా అని పదేపదే అడిగి మరీ తెప్పించుకున్నాం. తీరా సూత్తే సగం ఉడికింది. మనింట్లో అయితే ఎముక ఊడొచ్చేదాకా ఉడకబెడతాను. నువ్వు కత్తితో అలాగ కోత్తంటే ప్లేటు కీచుమంది. పక్క టేబులోళ్ళు తలెత్తి సూసారు. నాను టేబులు కింద నీ కాలు తొక్కాను.

నువ్వింక కొయ్యడం మానీసి, కోసినంత ముక్కా నోట్లో పెట్టీసుకున్నావు.

అప్పుడే కదా అనిరుధ్ బాబు లెగిసి సెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టాడు. అందరూ ఆ బాబు ఏపు తిరిగారు. ఈ ఏడు ఉత్తరాంధ్రలో అందరికన్నా ఎక్కువ సరుకు అమ్మింది మన ఆనందపురం సూరిగారు, ఆయన రెండు మాటలు మాటాడతారు అన్నాడు. నువ్వు గబుక్కున మింగి లెగిసావు. లెగిసి నిలబడ్డావు. మాట రానేదు. సెయ్యి గొంతు మీద పెట్టుకున్నావు. తరవాత నెమ్మదిగా కుర్సీ ఎనక్కి జరిపి, సప్పుడు సెయ్యకుండా, ప్రేమలీల మేడం సెప్పినట్టే, బయటికెల్లిపోనావు.

అందరూ సప్పట్లు కొట్టారు మావా. నీకు ఏడుపొచ్చి మాటాడలేకపోనావని అనుకున్నారు. పెద్దాయనండీ, మనసు నిండిపోయిందండీ అన్నాడు అనిరుధ్ బాబు. నువ్వేమో బాత్రూం తలుపనుకుని డెక్కు తలుపు తోసీసినావు. ఆ సలిలో, గాలి ఆడక, పడకకుర్సీల ఎనకాల పడిపోనావు. లోపల మాకు సప్పట్లే ఇనిపించాయి.

మైఖేల్ అని ఆ నల్లకోటు వెయిటరు, కుర్సీల మీద దుప్పట్లు మడతెట్టడానికెల్లి నీ బూట్లు సూసాడంట. ఎనకనించి పట్టుకుని పొట్ట నొక్కాడంట, కొంచెం గాలి ఆడిందంట. మిగతాది డాక్టరొచ్చి లాగాడు. ఆ పిల్లాడి సేతులు పట్టుకుని దండం పెట్టాను. ఆడికి తెలుగు రాదు, ఆడూ నాకు దండం పెట్టాడు.

డాక్టరు నన్ను రెండు మాటలు అడిగాడు. ఎల్లేముందు మీ ఆయన నీకేవైనా సైగ సేసాడా అని ఒకటి. నేదన్నాను. ఎంతసేపైంది ఎల్లి అని ఇంకోటి. తెలీదన్నాను. శ్రీసత్య మేడం ఆడికి సెప్పింది. సెప్పీసి, నా పక్కనే నేల మీద కూకుని, అంత ఖరీదు సీరతో, నా సెయ్యి పట్టుకుంది. "అక్కా, ఆయన అక్కడే నోట్లోంచి తీసి పారేసినా మేమెవరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. మా నాన్నగారు ఇప్పటికీ చేత్తోనే తింటారు" అంది.

ఆ మాట ఇన్న కాణ్ణించి నాకు ఊపిరాడట్లేదు. నీకు గొట్టమైనా పెట్టారు.

మావా, ఇప్పుడు సెప్పేది ఇను. నర్సుకి తెలుగు రాదు, నువ్వొక్కడివే ఇనాలి.

డాక్టరుకి అబద్ధం సెప్పాను. నువ్వు సైగ సేసావు. గొంతు మీద సెయ్యి పెట్టుకుని నా ఏపే సూసావు. హాలు నిండా మనుషులుంటే నన్నొక్కద్దాన్నే సూసావు. కళ్ళు అంతంత సేసుకుని. నాకు తెలిసింది. ఇన్నేళ్ళు కాపరం సేసినదాన్ని, తెలీకుండా ఉంటాదా? అడ్డం పడిందని తెలిసింది. ఎక్కడ నోట్లో ఏళ్ళు పెట్టీసి లాగుతావో, అందరిముందూ ప్లేట్లో ఉమ్మీసి నా పరువు తీసీత్తావోనని, కళ్ళతో తలుపు సూపించాను. ఎల్లు అన్నాను. నువ్వు ఇంకా నిలబడి సూత్తంటే మొకం తిప్పీసుకున్నాను.

నానన్నాననే ఎల్లావు. నా మాట ఎప్పుడూ ఇననోడివి, అప్పుడే ఇన్నావు.

ఎంతసేపైందో కూడా తెలుసు. సప్పట్లు అయిపోనాయి. ఐస్‌క్రీము తెచ్చారు. దానికి ఏ సెంచానో గుర్తురానేదు. పైనున్న సిన్నదా, కుడిపక్కదా అని శ్రీసత్య మేడం సెయ్యి సూసి, ఆవిడ తీసిందే తీసాను. రెండు ముద్దలు తిన్నాను. తియ్యగా ఉంది. మావ వొచ్చేసరికి కరిగిపోద్దేమో అనుకున్నాను కూడా. అంతసేపు. అంతసేపూ నీకు గాలి నేదు.

శ్రీసత్య మేడం వొత్తాది ఇప్పుడు. డాక్టరుకి ఇదంతా సెప్పమని అడుగుతాను. ఆడికి పనికొత్తాదేమో. ఆవిడ నన్ను ఏ కళ్ళతో సూత్తాదో సూడనీ, కుర్సీ ఎంత దూరం జరుపుకుంటాదో జరుపుకోనీ. ముందు నీకు సెప్పాలని సెప్పాను.

నువ్వు కళ్ళు తెరిత్తే పైడితల్లమ్మకి సీర పెడతానని మొక్కుకున్నాను. తెరవకపోతే నానేటైపోతానోనని భయం. తెరిచి నన్ను గుర్తుపట్టకపోతే భయం. దానికన్నా ఇంకో భయం ఉంది, అది ఏ దేవతకీ సెప్పుకోలేను. తెరిచి, గుర్తుపట్టి, గొంతు మీద సెయ్యి పెట్టుకుని సూసావే, ఆ సూపే మళ్ళీ సూత్తావేమోనని.

అయినా తెరు మావా. ఎలా సూత్తే అలా సూడు. ఈపాలి నాను మొకం తిప్పుకోను.