ఫోర్ వీల్ బండి కావాలన్నది నేనే

నా పేరు మేకల గిద్యోను. తండ్రి పేరు క్రీస్తుదాసు. వయసు నలభై మూడేళ్ళు. వృత్తి డ్రైవరు. నివాసం ముత్తుకూరు మండలం, కొత్తపట్టపుపాళెం. ఇరవై ఒక్క ఏళ్ళుగా బండి నడుపుతున్నాను. అందులో చివరి ఆరేళ్ళు మా ఊరి ప్రార్థనా మందిరం తరఫున కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను నెల్లూరుకు డయాలసిస్‌కు తీసుకెళ్ళి, తిరిగి ఇళ్ళకు చేర్చే పని చేశాను.

ఈ రోజు 2024 డిసెంబరు 13, శుక్రవారం. ఉదయం పదకొండు గంటలకు మెజిస్ట్రేటు గారి ఎదుటికి నా అంతట నేనే వచ్చాను. ఇది చెప్పి తీరాల్సిన అవసరం లేదనీ, చెబితే నాకు వ్యతిరేకంగానే వాడవచ్చుననీ అయ్యగారు రెండుసార్లు చెప్పారు. బయట బెంచీ మీద గంటసేపు కూర్చుని ఆలోచించుకోమన్నారు. కూర్చున్నాను. చెప్పాలనే అనుకుంటున్నాను.

ఈ నెల 5వ తేదీన ఆసుపత్రి మంచం మీద నుంచి పోలీసులకు నేనొక వాంగ్మూలం ఇచ్చాను. చనిపోయిన చిన్నపోలయ్య గారి భార్య మస్తానమ్మ తొందరపెట్టడం వల్లే బండిని వాగులోకి దింపానని అందులో ఉంది. అది అబద్ధం. ఆమె తొందరపెట్టలేదు. ఆపమంది.

చిన్నపోలయ్య వయసు యాభై ఎనిమిది. సముద్రంలో వేటకు పోయేవాడు. కిడ్నీలు పాడయ్యాక వేట మానేశాడు. ఆరేళ్ళ నుంచీ మంగళ, గురు, శనివారాల్లో నా బండిలో ముందు సీటు ఆయనది. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మస్తానమ్మ కూడా ఎప్పుడూ వెంట వచ్చేది. వాళ్ళు మా మందిరానికి వచ్చేవాళ్ళు కాదు. మా బండికి ఆ లెక్క లేదు.

మా పల్లె నుంచి తారురోడ్డుకు మూడు కిలోమీటర్ల మట్టిదారి. దారిలో ఒక వాగు, దాన్ని దాటడానికి నేలమట్టంగా కట్టిన చప్టా ఉన్నాయి. ఎండాకాలంలో ఏ బండైనా పోతుంది. మాకు చలికాలమంటే వానలే. అక్టోబరు చివర నుంచి జనవరి దాకా వాయుగుండం వెనక వాయుగుండం వస్తుంది. దారి అడుసైపోతుంది. వాగు చప్టా మీద నుంచి పారుతుంది.

మొన్న సెప్టెంబరు దాకా నడిపిన పాత బండి ఫ్రంట్ వీల్. అంటే ఇంజను బలమంతా ముందు చక్రాలకే పోతుంది. అడుసులో ముందు చక్రాలు గిర్రున తిరిగేవి, బండి కదిలేది కాదు. అందుకని ఆ బండితో నేను భయంగా ఉండేవాణ్ణి. చప్టా దగ్గర ప్రతిసారీ ఆపి, పంచె ఎగగట్టి, వెదురు కర్రతో నీళ్ళలోకి దిగి అవతలి గట్టు దాకా నడిచి చూసేవాణ్ణి. చప్టా పక్కన రాతి గుంజకు సున్నం గీత ఉంది. ఆ గీత మునిగితే బండి వెనక్కి తిప్పేవాణ్ణి. ఐదేళ్ళలో ఒక్కరికి కూడా ఏమీ కాలేదు.

పోయిన ఏడాది డిసెంబరులో మూడుసార్లు వెనక్కి తిప్పాను. మూడోసారి చిన్నపోలయ్యకు వరసగా ఐదు రోజులు డయాలసిస్ తప్పింది. మొహం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరి ఆడక వలల కుప్పకు ఆనుకుని రెండు రాత్రులు కూర్చునే ఉన్నాడు. ఆరో రోజు పల్లె వాళ్ళు పడవ మీద అవతలికి చేర్చారు. బతికాడు. తర్వాత నేను చూడటానికి పోయి ఏడ్చాను. ఆయన నవ్వాడు.

"నువ్వు తిప్పినావు కాబట్టే గదా అబ్బయ్యా, నువ్వూ ఉండావు, నేనూ ఉండాను" అన్నాడు.

ఆ మాట నేను సరిగ్గా వినలేదు. బండి మార్చాలనే పట్టుదల మాత్రం నాలో ఉండిపోయింది.

ఈ ఏడాది సెప్టెంబరులో పాత బండి ఇంజను పోయింది. 19వ తేదీ గురువారం, డయాలసిస్ ముగించుకుని అద్దె బండిలో వచ్చేటప్పుడు, వెంకటాచలం దగ్గర హైవే పక్కన పాత బండ్లు అమ్మే చోట ఆగాం. మా సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారు అక్కడికి ముందే వచ్చి ఉన్నారు. రెండు బండ్లు చూపించారు. ఒకటి ఫ్రంట్ వీల్, నేలకు దగ్గరగా ఉంటుంది. రెండోది జీపు, ఫోర్ వీల్, నాలుగు చక్రాలకూ బలం పోతుంది, ఎత్తుగా ఉంటుంది.

జ్ఞానప్రకాశం గారు మొదటిది తీసుకుందామన్నారు. "కాళ్ళు వాచినోళ్ళు గిద్యోనూ, అంత ఎత్తు ఎట్ట ఎక్కుతారు?" అన్నారు.

"పీట ఏసి ఎక్కిస్తానయ్యా. వానాకాలం దాటాలంటే ఫోర్ వీలే కావాల. అది ఉంటే ఒక్క రోజు కూడా తప్పదు" అన్నాను.

చిన్నపోలయ్యను అడిగారు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి చక్రం మీద చెయ్యి వేశాడు. "పడవకైనా దీనికైనా నడిపేవోడు ముఖ్యం. వాడికి ఏది బాగుంటే అది" అన్నాడు.

నాకు జీపు బాగుంది. అదే తీసుకున్నారు. ఎంచుకున్నది నేను. దీన్ని ఇంకెవరి మీదా పెట్టవద్దని కోరుతున్నాను.

నవంబరంతా జీపు ఆగలేదు. ట్రాక్టర్లు కూరుకుపోయిన చోట కూడా పోయింది. డిసెంబరు 3, మంగళవారం ఉదయం చప్టా మీద అడుగు లోతు నీళ్ళు పారుతున్నాయి. గీత మునిగే ఉంది. ఫోర్ వీల్ వేసి, ఫస్టు గేరులో దాటించాను. అవతల గట్టెక్కగానే మస్తానమ్మ వెనక సీట్లో చప్పట్లు కొట్టింది. చిన్నపోలయ్య వెనక్కి తిరిగి నీళ్ళ వైపు చూశాడు. ఆ రోజు నేను కిందికి దిగి చూడలేదు. వెదురు కర్ర కూడా జీపులో లేదు. పాత బండితోపాటే పోయింది. కొత్తది పెట్టుకోవాలని నాకు తోచలేదు.

5వ తేదీ గురువారం ఉదయం 5:40కి చిన్నపోలయ్య ఇంటి ముందు బండి ఆపాను. రాత్రంతా వాన. అప్పుడు తగ్గి తుంపరగా ఉంది. మిగతా ఇద్దరు రోగులు తారురోడ్డు దగ్గర ఎక్కుతారు కాబట్టి బండిలో మేము ముగ్గురమే. ఆయన ముందు సీట్లో నా ఎడమ పక్కన, ఆమె వెనక. నెల్లూరులో ఏడున్నరకు ఆయన వంతు.

6:05కి చప్టా దగ్గరికి వచ్చాం. తెల్లారింది. నీళ్ళు ఎర్రగా, చప్పుడు చేస్తూ పోతున్నాయి. రాతి గుంజ కనిపించలేదు. గీత కాదు, గుంజే కనిపించలేదు. కనిపించలేదని నేను గమనించాను.

మస్తానమ్మ వెనక నుంచి నా భుజం మీద తట్టింది. "ఆపు. దిగి చూడు గిద్యోనూ" అంది.

"ఫోర్ వీల్ అక్కా ఇది. ఏం కాదు."

"ముందు దిగి చూసేవోడివి గదా. వొద్దులే, తిప్పెయ్. శనివారం పోదాం."

"శనివారానికి అన్న మళ్ళీ ఉబ్బిపోతాడు. నువ్వు గమ్మునుండు" అన్నాను.

గమ్మునుండు అన్నాను. చిన్నపోలయ్య నీళ్ళ వైపు చూసి, "వడి ఎక్కువగా ఉండాది" అని మాత్రం అన్నాడు. నలభై ఏళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషి. ఆయన మాట కూడా నేను వినలేదు.

అప్పుడు ఫోర్ వీల్ వేసి ఉందా అని అయ్యగారు అడిగారు. వేసే ఉంది. బండిలో లోపమేదైనా ఉందా అని అడిగారు. లేదు. బండి మంచిది. ఫ్రంట్ వీల్ బండి అయితే ఏం చేసేవాడివని అడిగారు. దిగేవాణ్ణి. కర్రతో చూసేవాణ్ణి. సగం దాకా కూడా పోకుండానే తిరిగి వచ్చేవాణ్ణి.

చప్టా సగానికి వచ్చేసరికి నీళ్ళు తలుపు సగానికి తగిలాయి. బండి వెనక భాగం తేలింది. నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉన్నాయి, నాకు తెలుస్తోంది, కానీ వాటి కింద నేల లేదు. బండి ఎడమ వైపు కొట్టుకుపోయింది. అటువైపు చప్టా అంచు రాత్రే కోసుకుపోయిందని తర్వాత తెలిసింది. దిగి నడిచి ఉంటే కాలికి తెలిసేది.

జీపు ఎడమ పక్కకు ఒరిగి, వాగులో ఉన్న సర్కారు తుమ్మ చెట్లకు తట్టుకుని ఆగింది. నేను నా వైపు కిటికీలోంచి పైకి వచ్చాను. వెనక కిటికీలోంచి మస్తానమ్మను లాగాను. ఆమె బండి మీది క్యారియరు కడ్డీ పట్టుకుంది. తర్వాత లోపలికి వంగాను. చిన్నపోలయ్య మెడ దాకా నీళ్ళలో ఉన్నాడు. కుడి చెయ్యి సీటు సందులో ఇరుక్కుంది. ఎడమ చెయ్యి నా వైపు చాపాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డయాలసిస్ చేయడానికి ఆయన ఎడమ చేతికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకోకూడదు, ఆ చేత్తో బరువు మోయకూడదు, దానికి బీపీ కూడా చూడకూడదు అని నర్సులు చెప్పేవాళ్ళు. ఆరేళ్ళుగా ఆయన్ను బండి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు నేను ఆ చెయ్యి ముట్టుకునేవాణ్ణి కాదు. ఆ రోజూ ముట్టుకోలేదు. చాపిన చెయ్యి వదిలేసి చొక్కా భుజం పట్టుకున్నాను. పాత చొక్కా. చిరిగింది. జీపు ఇంకో పక్కకు దొర్లింది. చొక్కా ముక్క నా చేతిలో ఉంది.

ఆ చెయ్యి పట్టుకుని ఉంటే వచ్చేవాడా అని అయ్యగారు అడగలేదు. నన్ను నేనే అడుగుతున్నాను. నాకు తెలియదు.

6:30 ప్రాంతంలో పల్లె వాళ్ళు తాళ్ళు వేసి, తుమ్మ కొమ్మలు పట్టుకుని ఉన్న మమ్మల్నిద్దరినీ గట్టుకు లాగారు. జీపు దొర్లినప్పుడే నా కుడి భుజం ఎముక విరిగింది. నన్ను అవతలి గట్టు నుంచి నెల్లూరు ఆసుపత్రికి పంపారు. చిన్నపోలయ్య శవం మధ్యాహ్నం 2:20కి కిలోమీటరు దిగువన దొరికింది. అప్పుడు నేను అక్కడ లేను. చూసినవాళ్ళు చెప్పారు. డాక్టర్లు ఆయన్ను రోజుకు అర లీటరుకు మించి నీళ్ళు తాగవద్దన్నారు. మస్తానమ్మ రోజూ గ్లాసుతో కొలిచి ఇచ్చేది. శవాన్ని బోర్లించి నొక్కితే నీళ్ళు వచ్చాయట. ఆమె పక్కన కూర్చుని, "ఎన్ని నీళ్ళు తాగినావయ్యా, ఎన్ని నీళ్ళు తాగినావు" అని అదే మాట అంటూ ఉండిపోయిందట.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు జ్ఞానప్రకాశం గారు ఆసుపత్రికి వచ్చారు. కాసేపు ప్రార్థన చేశారు. తర్వాత మంచం మీదికి వంగి, "ఇద్దరు ఆడబిడ్డలు గిద్యోనూ నీకు. మస్తానమ్మ తొందరపెట్టిందని చెప్పు. ఆమెకు పోయేదేం లేదు. నీకు లైసెన్సు మిగులుతాది, మందిరానికి పేరు మిగులుతాది" అన్నారు. నేను సరే అనలేదు, కాదనలేదు. ఐదు గంటలకు పోలీసులు వచ్చి అడిగినప్పుడు మాత్రం అలాగే చెప్పాను. జ్ఞానప్రకాశం గారు నన్ను బెదిరించలేదు. చెప్పిన నోరు నాది.

11వ తేదీ బుధవారం ఉదయం పది గంటలకు ఆమెనూ నన్నూ స్టేషనుకు పిలిచారు. ఎస్సై గారు నా వాంగ్మూలం ఆమెకు చదివి వినిపించి, నిజమేనా అని అడిగారు. ఆమె నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను.

"ఆయబ్బి అట్ట చెప్పినాడంటే అట్టే గానీండి సార్" అంది.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద ఆమె దగ్గరికి పోయాను. "ఎందుకక్కా అట్ట చెప్పినావు?" అన్నాను.

"ఇంకేం చెప్పమంటావు? నేను కాదంటే నిన్ను లోపలేస్తారు. నీ బిడ్డోళ్ళు ఏమైపోతారు? ఆయన నిన్ను తమ్ముడనుకున్నాడు. పోనీలే, నేనే తొందరపెట్టినాననుకుంటాలే. అనుకుంటా పోతే కొన్నాళ్ళకి నిజమైపోతాది."

ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు తిండి సయించలేదు. ఆమె నిజంగానే అలా అనుకోవడం మొదలుపెడుతుందని భయం వేసింది. ఇంట్లో నా భార్య ఫేబీకి చెప్పాను. ఆమె వద్దనలేదు. బస్సు దాకా వచ్చి ఎక్కించింది.

మస్తానమ్మ ఆపమంది. దిగి చూడమంది. తిప్పెయ్ అంది. మూడు మాటలూ అంది. ఇది రాయమని కోరుతున్నాను.

రాసినదాన్ని నాకు చదివి వినిపించారు. ఒకచోట "జీపు ప్రమాదవశాత్తూ వాగులోకి పోయింది" అని ఉంది. ప్రమాదవశాత్తూ అనే మాట నేను అనలేదు. కొట్టేయమని అడిగాను. కొట్టేసి, "మస్తానమ్మ వద్దన్నా వినక గిద్యోను నడపగా పోయింది" అని మార్చి, పక్కన అయ్యగారు పొడి సంతకం చేశారు. ఇప్పుడు ఇందులో ఉన్నది నేను చెప్పినదే. ఒకరి బలవంతం లేదు, ఒకరిమీద కోపం లేదు, దాచినది లేదు. కుడి చేతికి కట్టు ఉన్నందున సంతకం చేయలేక, ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(మేకల గిద్యోను ఎడమ చేతి బొటనవేలి ముద్ర)