తమ్ముడి కోసం అడిగిన ఒక్క మాట

డ్రైవరు బాబాయి ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా, మాటల్లో మాత్రం బ్రేకు వెయ్యడు. ఆ పొద్దున తమ్ముడి భార్య నడిపే టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని, గోడలకు రంగులేసే ఇద్దరు పనివాళ్లకు పాత సంగతి ఎత్తుకున్నాడు. ప్రెస్సులో ఏదో కరపత్రం అచ్చేశాడని తమ్ముడి కోసం పోలీసులు వచ్చిన రోజు సంగతి.

"గుమ్మంలోనే ఆపేశా. వారంటేదీ అన్నా. లేదన్నారు. ఏం నేరం చేశాడో కాగితం మీద రాసివ్వమన్నా. నీళ్లు నమిలారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చంకలో పెట్టుకుని, చట్టం మీ దగ్గరే నేర్చుకోవాలండీ అన్నాడు."

"అబ్బో" అన్నాడు ఒకడు టీ ఊదుకుంటూ.

"అప్పుడే అబ్బో అంటే ఎలా? మర్నాడు కోర్టుకెళ్తే జడ్జీగారు లేచి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ పూట కేసులన్నీ నేనే తేల్చా. సాయంత్రానికి జైలు తలుపులు బార్లా తీశారు. లోపల మిగిలింది జైలరొక్కడే. పాపం, ఆయనకీ బెయిలిప్పించి ఇంటికి పంపా. మా వాడా? పై ఊళ్లో పెద్ద ప్రెస్సులో ఉన్నాడిప్పుడు."

తమ్ముడి భార్య వింటూనే టీ వడపోస్తోంది. రోజుకింత పెరిగే ఆ కథని ఆవిడ ఎన్నడూ ఆపలేదు. అందులోనైనా మొగుడు రోజూ విడుదలవుతున్నాడు.

పక్క బల్ల మీద బట్టలు కుట్టే ఆవిడొకతె ఉంది. టీ ముట్టలేదు. సంచీలోంచి కాగితం, పెన్ను తీసింది.

"అన్నా, ఆ మాటలు మళ్లీ ఒక్కొక్కటే చెప్పండి. నిన్న మా అబ్బాయిని మెకానిక్ షెడ్డులోంచి పోలీసులు తీసుకెళ్లారు. స్టేషనుకెళ్లి అవే అడుగుతాను."

బాబాయి టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

తమ్ముడి భార్య గిన్నె దించి, ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది.

"రాసుకో అక్కా. ఆ హక్కులన్నీ ఉన్నవే. లాయర్ని వెంటబెట్టుకెళ్లి అడుగు, ఇవాళే అడుగు. కానీ అడగ్గానే టోపీలు తీస్తారనుకోకు. ఆ రోజు మా ఇంట్లో ఎవరం ఏమీ అడగలేదు. నాకు మాటే రాలేదు. బావగారు ఒక్కటి అడిగారు, తమ్ముణ్ణి చెప్పులేసుకోనివ్వండి అని. పది నెలలైంది. ఆయన్ని ఎక్కడ ఉంచారో కూడా చెప్పలేదు."

పనివాళ్లు తలలు దించుకున్నారు. బట్టలు కుట్టే ఆవిడ కాగితం పట్టుకుని బాబాయి వైపు చూసింది.

"వేసుకోనిచ్చారా అన్నా?"

"లేదమ్మా" అన్నాడు బాబాయి.