సోమనర్సయ్య సొంఠి

1982, ఉగాదికి ఇంకా పది పన్నెండు రోజులున్నాయి. మానుకోట బజారులో సొంఠి మంచి చెడ్డా తేల్చేది రాజలింగం షావుకారి నాలిక. ఆయన కొరికి మింగితే సరుకు ఖరారు, ఉమ్మితే ఊళ్లో ఇంకే దుకాణం ముట్టదు. ఆ మధ్యాహ్నం జఫర్‌గఢ్ నుంచి సోమనర్సయ్య భార్య సాయమ్మ చిన్న సొంఠి సంచి పట్టుకుని వచ్చింది. గల్లా దగ్గర కూర్చున్న షావుకారి భార్య రుక్మిణమ్మకు లేచి లోపలికి పోవాలనిపించింది గానీ, కూర్చునే ఉంది.

"ఇంకో ముక్క కొరుకు, షావుకారి."

"మూడు కొరికిన గద, సాయమ్మా. పిప్పే."

"గా మాట అనకు. గా మాటతోనే గద మా ఆయన..."

"ఎండల వచ్చినవ్. జర మంచినీళ్లు తాగు."

"నీళ్లద్దు. గిది వేరే మాలు కాదు. గీ గడప ముందట నువ్వు కొరికి ఉమ్మిన బస్తలదే."

"ఎరుకనే. అందుకే మళ్ల కొరికిన. సోమనర్సయ్య నాకేమన్న పగోడా? పోయినోని మీద అబద్దం ఆడుతనా?"

"పైసలకు రాలే నేను. కొనకు. ఒక్క మాట చెప్పు, సాలు. సోమనర్సయ్య సొంఠి పిప్పి కాదు, కారమున్నది అని గీ బజారు ఇనేటట్టు చెప్పు."

"లేని కారాన్ని ఉన్నదని ఎట్ల చెప్పాలె?"

"మూడొద్దులకు పిట్టకు ముద్ద పెట్టినం. కాకి ముట్టలే. పొద్దెక్కేదాక నిలబడ్డం. మా మరిది మొక్కిండు, నీ పొలం పడావు పెట్టనియ్య, బీడు కానియ్య అన్నడు. ముట్టలే. నా అత్త మొక్కింది. ముట్టలే. ఆఖరికి నేనన్న, నువ్వు దొంగవు కాదని షావుకారి నోటితోనే చెప్పిపిస్త అని. ఒక్క కాకి వచ్చి గోడ మీద వాలింది, షావుకారి. వాలి, మెతుకు ముట్టక లేసిపోయింది. రేపు పదకొండొద్దులు. రేపు గూడ ముట్టకపోతె నేనెట్ల?"

"సాయమ్మా..."

"చెప్పు."

"అల్లం అంటె తెల్వదా, బెల్లం లెక్క పుల్లగుంటది అన్నోన్ని కాదు నేను. నలభై ఏండ్ల సంది కొరుకుతున్న. పచ్చల్లం కారం ఒక తీరు. ఎండితె గా కారమే మారి ఇంకింత ముదురుతది. కొరికినంక పది లెక్కవెట్టేలోపట గొంతు పట్టాలె, చెవులు వేడెక్కాలె. బాలింతకు పెట్టినా, కక్కుడుకు పెట్టినా, పడిశానికి పెట్టినా, పనిచేసేది గా కారమే. అది పోతె ఇంక కట్టెపుల్లనే. నీ మాలుకు వాసన ఉన్నది, బరాబర్ ఉన్నది. లోపట మంట లేదు. ఉడకబెట్టి రసం తీసుకున్న మాలు గిట్లనే ఉంటది."

"ఎవలు తీసిండ్రు రసం? ఎవలకు అమ్మినం? మా ఇంట్ల ఉడకబెట్టేటంత పెద్ద గంజు గూడ లేదు, షావుకారి! పొట్టు గీకింది నేను. వారం దినాలు చేతుల మంటకు నిద్రపోలే, పెరుగుల ముంచుకొని కూసున్న. పిప్పిని గీకితె చేతులు మండుతయా?"

"నాకేం చెప్తవ్? నా నాలిక చెప్పిందే నేను చెప్తున్న."

"రుక్మిణమ్మా, నువ్వన్న కొరుకు తల్లీ."

"నేనా? నాకేం తెలుస్తది. దుకాణం సంగతి ఆయనదే."

"నాలిక ఉన్నది గద."

"ఉన్నది గాని..."

"కొరుకు, రుక్మిణీ. ఆమె మనసు నిమ్మళమైతది. ఇగో, పట్టు."

"వద్దు. కడుపుల మంచిగ లేదు నాకు."

"కడుపుల మంచిగ లేకుంటె సొంఠే మందు. పట్టు అంటున్న గద."

"వద్దన్న గద... మీరు ఇనరు... హబ్బా!"

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె కండ్లెంబడి నీళ్లెందుకు? గా దగ్గెందుకు?"

"సాయమ్మా, గా చెంబు... జర నీళ్లియ్యి."

"సూసినవా, షావుకారి? సూసినవా?"

"ఆమెకు అలవాటు లేదు. గందుకే. అలవాటు లేనోళ్లకు..."

"పొద్దుగాల చాయ ఎట్ల తాగిండ్రు మీరు?"

"చాయ ముచ్చట ఇప్పుడెందుకే?"

"పొయ్యి మీదికెల్లి దించంగనే గటగట తాగిండ్రు. గ్లాసు పట్టుకుంటె నా చెయ్యి చుర్రుమన్నది. మీ మూతి బొబ్బెక్కింది. తడుముకోండ్రి, ఇంక ఉన్నది."

"బొబ్బనా? ఏడ?"

"మొన్న పప్పుల మిరపకాయలు రెండింతలేసిన. కోడలు ముద్ద మింగలేకపోయింది. మీరు చప్పగున్నది అన్నరు."

"దవడల పుండున్నది గద. తంబాకు పుండు. అది మానితె అన్ని సక్కగైతయి."

"అది మానేది కాదు. హన్మకొండ డాక్టరు చెప్పిండు. కారమంటె రుచి కాదంట, మంటనంట. నిప్పు సెగ చెప్పే నరమే అల్లం కారం గూడ చెప్తదంట. గా నరాన్ని పుండు తిన్నది అన్నడు."

"నాతోని అనలేదు గద!"

"మిమ్ముల బయట బల్ల మీద కూసోబెట్టి, నన్ను పిలిచి అన్నడు."

"అంటె... షావుకారి, అంటె మా ఆయన సొంఠి..."

"మంచిదే, సాయమ్మా. మంచిదే ఉండె. నేను నలుగురి ముందట ఉమ్మిన. పిప్పి సోమనర్సయ్య అని పేరు పెట్టింది గూడ నేనే. హమాలీలు గా పేరుతోనే పిలుసుకుంట బస్సుదాక సాగనంపిండ్రు."

"పది దినాలు తిరిగిండు. జనగామ పోయిండు, వరంగల్ పోయిండు. అందరు, మానుకోట రాజలింగం ఉమ్మిన మాలా అన్నరు. వాపస్ వచ్చి బాయిల పడ్డడు."

"నాకు తెల్వదు, సాయమ్మా. నీ కాళ్లు మొక్కుత, నా నాలిక సచ్చిందని నాకు తెల్వదు! తెలిస్తె మనిషిని గట్ల అందునా? పిలువు, బజారునంత పిలువు. నేనే చెప్త. దుకాణం మూతపడితె పడనియ్యి."

"నువ్వు కావాలని చెయ్యలే. తెల్వక చేసినవ్. గా మాట రేపు ఆయనకు చెప్త. ముడుతడు. తప్పకుంట ముడుతడు."

"ముట్టాలె, తల్లీ... రుక్మిణీ, మనం హన్మకొండ ఎన్నడు పోయినం?"

"ఎన్నడో. యాదికి లేదు."

"శివరాత్రికి ముందటనే గద? జాగారానికి పండ్లు గూడ ఆన్నే కొన్నం."

"అవుతదేమో."

"సోమనర్సయ్య బస్తలు తెచ్చింది శివరాత్రి ఎల్లినంక."

"సాయమ్మకు నీళ్లు తెస్త, ఉండండ్రి."

"గా దినం నువ్వు గీడనే, గల్లా కాడనే ఉన్నవ్."

"ఉన్న. మీరు ఉమ్మినంక కింద పడ్డ ముక్క తీసి కొరికిన. గొంతు పట్టింది, చెవులు వేడెక్కినయి. పిలుద్దామని లేసిన. పిలిస్తె మీ నాలిక పోయిందని బజారుకు తెలుస్తదని మళ్ల కూసున్న. మీ ఆయన బజారు మూల తిరిగేదాక సూస్కుంటనే కూసున్న, సాయమ్మా."