వినపడని పిలుపు

ఆమె భయమంతా ఒక్కటే: లేబర్ కోర్టు వరండాలో బంట్రోతు కేక వేసినప్పుడు తన భర్త ఇశ్రాయేలుకు వినపడదు. ఆటలమ్మ పోసిన బిడ్డను ఒళ్ళో వేసుకుని, గురజాల నుంచి వకీలు గుమాస్తాకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన కోర్టుకి బస్సెక్కాడు. వకీలుగారు పక్కనుంటారుగా?"

"సారుకి ముందు ఇంకో కోర్టులో పనుందమ్మా. పిలిచేసరికి వస్తార్లే."

"పోయినసారీ ఇదే చెప్పావు. ఈయనేమో అక్కడే కూర్చుని ఉన్నాడు. రాలేదని రాసి కేసు కొట్టేశారు."

"పలకకపోతే ఏం చేస్తారమ్మా? మూడుసార్లు కేకేశారంట!"

"ముప్పైసార్లు కేకేసినా అంతే! ఏందన్నా నువ్వు? మిల్లు మోతకి చెవులు పోయినాయి. వినపడట్లేదనేగా వాళ్ళు పనిలోంచి తీసేసింది! దానికేగా కేసేసింది!"

"నిజమేలే. అది విన్నాకేగా జడ్జిగారు మళ్ళీ విచారణకి తీసుకుంది. ఈసారి మాత్రం పలక్కపోతే ఇంక కష్టం."

"మరి చెవిటోడని బంట్రోతుకి చెప్పొద్దా ఎవరన్నా?"

"కాయితాల్లో ఉందిగా."

"బంట్రోతు కాయితాలు చదివి కేకేస్తాడా అన్నా!"

"అరవమాకమ్మా, నాకు బాగానే వినపడుద్ది. సారుకి చెప్తాలే."

ఫోన్ పెట్టేశాడు. ఆమెకు మనసు కుదుటపడలేదు. మీలో ఎవరైనా ఇవాళ ఆ కోర్టుకు వెళ్తే కాస్త చూడండి. ఎవరి పెదవులు కదిలినా ఆశగా తలెత్తే మనిషి ఒకడు వరండాలో ఉంటాడు. ఇశ్రాయేలూ అన్న కేక మీకు వినపడగానే అతని భుజం తట్టండి.